డోలమైట్స్‌లో సైకిల్ యాత్ర: పాత రైలుదారా, ద్రావా నది దారా?

ఈశాన్య ఇటలీలోని డోలమైట్స్ పర్వతాల్లో మోటారు వాహనాల బెడద లేకుండా సైకిల్ తొక్కాలనుకునేవారికి రెండు దారుల మధ్య ఊగిసలాట తప్పదు. ఒకటి కలాల్జో నుంచి కోర్తీనా మీదుగా దొబ్బియాకో చేరే సుమారు 60 కిలోమీటర్ల దారి. మరొకటి సాన్ కాందిదో నుంచి ద్రావా నది వెంట ఆస్ట్రియాలోని లీన్జ్ వరకు సాగే సుమారు 44 కిలోమీటర్ల దారి.

శ్రమ: మొదటిది 1964లో మూతపడిన రైలుమార్గం. రైలింజను లాగలేని నిటారు వాలు అందులో ఉండదు కనుక, సుమారు 1530 మీటర్ల ఎత్తున ఉన్న చీమాబాంకే కనుమకు కూడా నిదానంగా ఎక్కిపోవచ్చు. అయితే ఆ ఎక్కుడు గంటల తరబడి సాగుతుంది. రెండోది మొత్తం మీద దాదాపు 500 మీటర్ల దిగుడే.

ఖర్చు: రెండో దారిలో సాన్ కాందిదోలో అద్దెకు తీసుకున్న సైకిలును లీన్జ్‌లో అప్పగించి రైల్లో తిరిగి రావచ్చు. మొదటిదానికి తరచుగా ఒక రాత్రి బస అదనం.

ఇబ్బందులు: కోర్తీనా దాటాక చాలాచోట్ల తారు పోయి కంకర వస్తుంది, సన్నటి టైర్లు జారతాయి, ఎండాకాలంలోనూ పాత సొరంగాల్లో చెమట పట్టిన ఒళ్లు ఒక్కసారిగా చల్లబడుతుంది. నది దారిలో ఆగస్టు రద్దీయే అసలు చిక్కు. పిల్లల సైకిళ్లు ఉన్నట్టుండి అడ్డం తిరుగుతాయి.

పిల్లలతో, ఒక్క పూటలో ముగించాలంటే లీన్జ్ దారి చాలు. కొండలను తీరిగ్గా చూడాలంటే, కాస్త వెడల్పు టైర్లు కూడా ఉంటే, నా ఓటు రైలుదారికే.