ఏ వెంకటపతి, ఏ తోడరమల్లు? తిరుపతి రాజప్రతిమల గైడు ప్యాకేజీపై సమీక్ష

తిరుపతి నుంచి బయల్దేరి చంద్రగిరి కోట, తిరుమల ఆలయంలోని రాజప్రతిమలు చూపించి, వాటి చరిత్ర చెప్పే కారు, గైడు కలిసిన ప్యాకేజీ ఇది. ఇలాంటివి ఊళ్లో ఒకరిద్దరు ట్రావెల్స్ వాళ్లు అమ్ముతున్నారు. ఈ సమీక్ష వాటిలో ఒకదాని గురించి. కృష్ణదేవరాయల వరకు గైడు బాగా చెబుతాడు, పెట్టిన డబ్బుకు లోటు లేదు. వెంకటపతిరాయలు, తోడరమల్లు దగ్గరికి వచ్చేసరికి ఒకే పేరున్న వేర్వేరు మనుషుల్ని ఒక్కరిగా కలిపేస్తున్నాడు. ప్రతిమల కోసమే డబ్బు కట్టే ప్యాకేజీలో ఇది చిన్న లోపం కాదు.

ముందు మంచి సంగతులు. తిరుమలలో పడికావలి, అంటే మహాద్వారం, దాటగానే వచ్చేది కృష్ణరాయ మండపం. దీన్నే ప్రతిమా మండపం అంటారు. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపు తిరుమలదేవి, చిన్నాదేవుల మధ్య కృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడి ఉంటారు. తల మీద పొడవాటి కుళ్లాయి, ఒంటి మీద నగలు. గుడిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి ఫొటో తీసుకుని తర్వాత తీరిగ్గా చూసుకుందామంటే కుదరదు. ఈ ప్యాకేజీ వాళ్లు దానికి మంచి ఉపాయం చేశారు. ప్రతిమల గీతచిత్రాలు అచ్చువేసిన ఒక కాగితం ముందురోజే చేతికిస్తారు. ఎవరు ఎటువైపు, చేతులు ఎలా ఉన్నాయి, తలపాగా ఎలాంటిది అన్నీ అందులో ఉన్నాయి. వరుసలో నడుస్తూ కొన్ని క్షణాలే చూడగలిగే చోట, దేనికోసం చూడాలో ముందే తెలిసి ఉండటం ఎంతో మేలు. ప్యాకేజీ మొత్తంలో మాకు బాగా నచ్చింది ఈ కాగితమే.

అదే కాగితంలో ఎడమవైపు బొమ్మల కింద రాసిందే చిక్కు తెస్తోంది. మండపంలో ఎడమవైపు వెంకటపతిరాయల రాగి ప్రతిమ, దాని పక్కనే కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాంబికల నల్లరాతి ప్రతిమలు ఉన్నాయి. కాగితం మీద "అచ్యుతరాయలు, రాణి, కుమారుడు వెంకటపతి" అని వేశారు. గైడూ అదే చెప్పాడు. పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. అచ్యుతరాయలకు, వరదాంబికకు వెంకటపతి అనే కొడుకు నిజంగానే ఉన్నాడు. 1542లో తండ్రి పోయాక చిన్నవాడైన ఆ పిల్లవాడిని సింహాసనం ఎక్కించారు. నెలలు తిరక్కుండానే మేనమామ సలకరాజు తిరుమల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. రాగి ప్రతిమ ఆ పిల్లవాడిది కాదు. అది చంద్రగిరి ప్రభువు, అరవీటి వంశపు వెంకటపతిరాయలది. ఆయన తండ్రి అరవీటి తిరుమలరాయలు. 1586 నుంచి 1614 వరకు ఏలాడు. ప్రతిమలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన తండ్రీకొడుకులు అయిపోరు. ఒకటి రాయి, ఒకటి రాగి. రెండూ వేర్వేరు వంశాలవి, వేర్వేరు కాలాలవి.

ఇక్కడితో అయిపోలేదు. చంద్రగిరి రాజమహల్ ముందు నిలబడి, "కొండ మీద ప్రతిమ ఉన్న వెంకటపతిరాయలే ఇంగ్లీషువాళ్లకు మద్రాసు ఇచ్చాడు" అని గైడు చెప్పాడు. ఆ ఒప్పందం 1639 నాటిది. ప్రతిమలోని రాయలు పోయింది 1614లో. మధ్యలో పాతికేళ్ల తేడా ఉంది. మద్రాసు వ్యవహారం నాటి రాజు అదే వంశంలో తర్వాత వచ్చిన మరో వెంకటపతి, అంటే పెద వెంకటరాయలు. అళియ రామరాయల మనవడైన ఈయన 1632 నుంచి 1642 వరకు పాలించాడు. ఆ నేల మీద స్థానికంగా అధికారం ఉండి, కుంపిణీవాళ్లతో, అంటే ఈస్టిండియా కంపెనీతో, బేరం నడిపిన నాయకుడి పేరు దామెర్ల వెంకటాద్రి. ఇలా ఒక్క వెంకటేశ్వరుడి పేరే రాజులకూ, రాజకుమారుడికీ, నాయకుడికీ ఉంది. పుస్తకాల్లో అంకెలు చూసి తేల్చుకుందామన్నా జాగ్రత్త పడాలి. 1542 నాటి పిల్లవాడిని లెక్కలోకి తీసుకునేవాళ్లు ప్రతిమలోని రాయలను రెండో వెంకటపతి అంటారు, తీసుకోనివాళ్లు మొదటి వెంకటపతి అంటారు. అందుకే గైడును "ఎన్నో వెంకటపతి?" అని అడగడం దండగ. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏలాడో అడగండి, అక్కడే తేలిపోతుంది.

తోడరమల్లు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఈ పొరపాటు ఈ ఒక్క గైడుది కాదు. ఊళ్లో చాలామంది నోట ఇదే మాట వినిపిస్తుంది. ధ్వజస్తంభ మండపం దాపున ఉన్న తిరుమలరాయ మండపంలో రాజా తోడరమల్లు, తల్లి మాతా మోహనాదేవి, భార్య పితా బీబీల నిలువెత్తు లోహ ప్రతిమలున్నాయి. "అక్బరు ఆర్థికమంత్రి తిరుమలకొచ్చి ఈ ప్రతిమలు పెట్టించాడు" అని గైడు ధీమాగా చెప్పేశాడు. అక్బరు కొలువులో భూమిశిస్తు పద్ధతిని సరిదిద్దిన రాజా తోడరమల్లు 1589లో లాహోరులో చనిపోయాడు. తిరుమల ప్రతిమలోని తోడరమల్లు అంతకు నూరేళ్లకు పైగా తర్వాతివాడు. లాలా ఖేమరాము అనే పేరు కూడా ఉన్న ఈయన ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ కొలువులో పనిచేశాడు. దీనికి తిరుగులేని ఆధారం కంచిలో ఉంది. దండయాత్రల భయంతో తమిళనాడులోని ఉడయారుపాళెం తరలించిన వరదరాజస్వామి ఉత్సవమూర్తిని తోడరమల్లు మళ్లీ కంచికి చేర్పించాడని అక్కడి ఆలయ శాసనం చెబుతోంది. అందులోని శక సంవత్సరం 1632, అంటే క్రీ.శ. 1710. ఆ శాసనాన్ని ఎరిగినవాళ్లెవరూ ఈయన్ను అక్బరు దర్బారుకు అంటగట్టరు.

ఉత్తరాది నుంచి వచ్చే యాత్రికులతో వెళ్తే మూడో తోడరమల్లు కూడా మాటల్లోకి వస్తాడు. ఆయన సర్హింద్ దివాన్ తోడరమల్లు. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరి అంత్యక్రియలకు జాగా కోసం నేల మీద బంగారు నాణేలు పరిచి కొన్నాడని సిక్కులు తలచుకుంటారు. ఫతేగఢ్ సాహిబ్ దగ్గరున్న జహాజ్ హవేలీ ఆయనదే. పంజాబు నుంచి వచ్చినవాళ్లు తిరుమల ప్రతిమను చూసి మా దివానే అనుకుని దణ్ణం పెడితే, ఆయన వేరు, ఈయన వేరు అని మర్యాదగా చెప్పగలగాలి. మాకు దొరికిన గైడుకు ఈ మూడోవ్యక్తి సంగతే తెలియదు.

ఇక ఏర్పాట్ల సంగతి. మొదటిరోజు తిరుమల, రెండోరోజు చంద్రగిరి పెట్టారు. దీన్ని తిప్పించుకోండి. చంద్రగిరి మ్యూజియంలో కృష్ణదేవరాయల, దేవేరుల ప్రతిమల దగ్గర ఆగి, కుళ్లాయి, నగలు, చేతుల అమరిక తాపీగా చూడొచ్చు. అవి కంటికి అలవాటయ్యాక కొండెక్కితే వరుసలో దొరికే ఆ కాస్త సమయం వృథా పోదు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, ఆరోజు మాత్రం వద్దు. రెండూ ఒకేరోజు పెట్టే చవక ప్యాకేజీ అసలే వద్దు. కొండ మీద దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కిందికి దిగేసరికి మ్యూజియం మూసేస్తారు.

దర్శనం టికెట్ ప్యాకేజీలో ఉండదు. మూడొందల రూపాయల టికెట్ మీరే ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకోవాలి, సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. గైడుకు సొంత టికెట్ లేకపోతే పడికావలి లోపలికి మీతో రాలేడు. మాతో వచ్చినతను బయటే ఆగిపోయాడు. లోపల ప్రతిమల దగ్గర వివరించే మనిషి ఉంటాడనుకుని డబ్బు కట్టకండి. లోపలికి అడుగుపెట్టాక ముందు కుడివైపు రాయలను చూసుకుని వెంటనే ఎడమకు తిరగండి. ధ్వజస్తంభానికి మొక్కే తొందరలో చాలామంది తోడరమల్లును చూడకుండానే ముందుకు పోతారు. జనం మిమ్మల్ని అటువైపు తోయకముందే చూపు తిరుమలరాయ మండపం మీదికి పోనివ్వండి.

అలిపిరి టోలు, మ్యూజియం టికెట్, పార్కింగ్ చెప్పిన రేటు మీద అదనం. డ్రైవరు నెమ్మదస్తుడు, కారు శుభ్రంగా ఉంది, టైముకు వచ్చింది.

వీళ్లనే తీసుకోవాలనుకుంటే బుక్ చేసే ముందు ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడగండి: ప్రతిమలోని వెంకటపతిరాయలు ఎప్పుడు పోయాడు, తోడరమల్లు ఎవరి కొలువులో ఉన్నాడు? 1614 అని, ఆర్కాటు నవాబు అని జవాబొస్తే ఆ గైడునే పంపమనండి. ఇంకో రోజు చేతిలో ఉంటే కంచి కూడా కలపమని అడగండి. ఇప్పటి ప్యాకేజీలో కంచి లేదు. వరదరాజస్వామి గుడికి తీసుకెళ్లి, 1710 నాటి శాసనం ఎక్కడుందో చూపించగలిగితే అదనపు డబ్బు ఇవ్వొచ్చు.