లెగో రైలు: కరెంటు పట్టాల్లోనా, ఇంజన్‌లోనా?

1991లో వచ్చిన 9 వోల్టుల లెగో రైలుకు కరెంటు పట్టాల్లోనే ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా మీద సన్నటి లోహపు రేకు, మోటారు చక్రాలకూ లోహమే. రెగ్యులేటర్ తిప్పి వదిలేస్తే బండి గంటల తరబడి తిరుగుతుంది. కాకపోతే రేకు మీద దుమ్ము పేరుకుంటే ఆగుతూ, కుదుపుతూ నడుస్తుంది. గుడ్డ పెట్టి తుడవాల్సిందే. పైగా బండి వెనక్కి తిరిగి అదే లైన్లో కలిసేలా లూప్ వేశారో, షార్ట్ సర్క్యూట్!

2018 నాటి, సెల్స్‌తో నడిచే లెగో రైలు వ్యవస్థ పవర్డ్ అప్‌లో ఆ టెన్షన్ లేదు. మామూలు ప్లాస్టిక్ పట్టాలు, బ్లూటూత్ రిమోట్, లూపులు మీ ఇష్టం. అయితే ఇంజన్‌లో కూర్చునే బ్యాటరీ డబ్బా, అంటే హబ్‌కు 6, రిమోట్‌కు 4, మొత్తం 10 ఏఏఏ సెల్స్ కావాలి. రీఛార్జబుల్‌వి కొనుక్కోవడం నయం. ఆ హబ్ డబ్బా ఇంజన్ పొట్టంతా ఆక్రమిస్తుంది, సొంతంగా ఇంజన్ కట్టేవాళ్లకు అదే తలనొప్పి.

9 వోల్టులవి ఇప్పుడు తయారు కావడం లేదు, సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. పిల్లలకైతే నా ఓటు పవర్డ్ అప్‌కే. పాత లోహపు పట్టాలు దొరికినా దాని బండి వాటి మీదా నడుస్తుంది. 9 వోల్టుల మోటారు మాత్రం ఉత్త ప్లాస్టిక్ పట్టా మీద కదలదు.