హెల్త్ పాలసీ తీసుకునేవాళ్లకి జాగ్రత్త: ఫారంలో టిక్కులు మీరే పెట్టండి

ఆరోగ్య బీమా తీసుకోబోతున్నవాళ్లు, ఇప్పటికే తీసుకుని ఆ కాగితాలు బీరువాలో పడేసినవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. మా నాన్న విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదనే రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక్క కంపెనీయే ఇలా చేస్తుందని నేననుకోవడం లేదు.

రెండేళ్లు ప్రీమియం ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా కట్టాం. మూడో ఏడాది ఒక తెల్లవారుజామున నాన్నకి ఛాతీలో నొప్పి మొదలైంది. చెమటకి బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తనాళం మూసుకుపోయింది, వెంటనే స్టెంట్ వేయాలన్నారు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. నాన్న బతికారు. మిగతాదంతా దాని తర్వాతే.

డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి ఒక కాగితం నా వైపు తిప్పింది. క్యాష్‌లెస్ రాదట, అంటే బిల్లు కంపెనీ నేరుగా ఆస్పత్రికి కట్టదట. కారణం ఒక్క వాక్యం: పాలసీ తీసుకునేనాటికే ఉన్న రక్తపోటును వెల్లడించలేదు. దానికి వాళ్లు చూపిన ఆధారం ఆస్పత్రి కేస్ షీటే. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు "ముందు నుంచీ జబ్బులేమైనా ఉన్నాయా" అని అడిగితే, అమ్మ ఆ కంగారులోనే "ఐదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారండీ" అని చెప్పింది. ఆ మాట కిందే పసుపు రంగు గీత గీసి మా చేతికిచ్చారు.

ఇంటికొచ్చి ప్రపోజల్ ఫారం కాపీ తీశాను. బీపీ, షుగరు, గుండె, కిడ్నీ అని వరుసగా గళ్లు. అన్నింటికీ "లేదు" దగ్గరే టిక్కు. అవి నేను పెట్టినవి కావు, ఏజెంటు పెట్టినవి. ఆ రోజు బీపీ సంగతి నేను చెప్పాను కూడా. "మాత్రతో కంట్రోల్‌లో ఉన్న బీపీకి ఎందుకండీ, రాస్తే ప్రీమియం పెరుగుతుంది, టెస్టులంటారు, నేను చూసుకుంటాగా" అన్నాడు. కింద సంతకం మాత్రం నాదే. ఏజెంటు నోటితో చెప్పిందానికి నా దగ్గర ఏ రుజువూ లేదు.

అందుకే చెప్తున్నాను, ఫారం మీరే నింపండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. ఫోన్లో ఓటీపీ చెప్పి పూర్తిచేసినా అది సంతకం కిందే లెక్క. ఎవరు ఏ మాత్ర వేసుకుంటున్నారో, ఎప్పుడో అయిన ఆపరేషన్‌తో సహా అన్నీ రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి. పాలసీ చేతికొచ్చిన రోజే అందులో మీ గురించి ఏం రాశారో చదివి, తప్పుంటే మెయిల్ పెట్టి సరిచేయించండి. వెయిటింగ్ పీరియడ్ (ముందున్న జబ్బులకి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఎన్నేళ్లు, కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత, ఏ చికిత్సకి ఎంతవరకే ఇస్తారు, ఇవి చూడండి. గది అద్దె పరిమితి దగ్గర ఇంకాస్త ఆగండి. మించితే ఆ గది తేడా వరకు మనం కట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. పరిమితికి రెట్టింపు అద్దె ఉన్న గదిలో చేరితే సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు కూడా అదే లెక్కన సగానికి కోసే పాలసీలున్నాయి. క్లెయిమ్ కాదంటే ఏ క్లాజు కింద కాదన్నారో రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు చేసుకునే దారులన్నీ వాడుకోండి. మేం చేశాం, ఇంకా తేలలేదు.

ఇంతవరకే రాసి ఆపుదామనుకున్నాను, మనసొప్పలేదు. నేను చెప్పినవన్నీ పాటించాలంటే చదువుండాలి, తీరిక ఉండాలి, అన్నిటికంటే ముందు ప్రీమియం కట్టే స్తోమత ఉండాలి. అవి లేనివాళ్లకీ గుండె నొప్పి వస్తుంది. ఫ్రిజ్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం, నచ్చకపోతే వచ్చేస్తాం. స్ట్రెచర్ మీద ఉన్న మనిషి ఎవరితో బేరమాడతాడు? తనకేం చికిత్స కావాలో కూడా డాక్టరే చెప్పాలి. ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే ఈ సంగతి వివరించారు. జబ్బు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, డాక్టరుకి తెలిసింది రోగికి తెలియదు, అందుకే వైద్యం మిగతా సరుకుల్లా మార్కెట్లో నడవదని.

ఆ గళ్లు నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంటాయి. "ముందే జబ్బుందా" అనే ప్రశ్న ఎందుకు పుట్టిందని ఆలోచించాను. జబ్బున్నవాళ్లు మాత్రమే వచ్చి చేరితే ఏ బీమా నిధీ నిలవదు, కంపెనీల ఆ భయం నిజమే. అయితే దానికి వాళ్లు కనిపెట్టిన మందు జబ్బుమనిషిని గుమ్మం బయట ఆపడం. పుట్టిన ప్రతి మనిషినీ ఆ నిధిలో చేర్చుకుంటే భయమే ఉండదు. అందరూ లోపలే ఉన్నప్పుడు బీపీ దాచారా, చెప్పారా అన్న పేచీ ఎక్కడినుంచి వస్తుంది? అమెరికాలో కూడా 2010 నాటి చట్టం వల్ల 2014 నుంచి, ముందే జబ్బుందని చెప్పి చాలా రకాల పాలసీల్ని నిరాకరించడం కుదరడం లేదు.

"నా డబ్బుతో ఎవరికో వైద్యమా" అనేవాళ్లు ఉంటారు. మేం కట్టిన ప్రీమియంతో ఎవరికో వైద్యం జరిగే ఉంటుంది. అందుకు నాకు సంతోషమే. నాన్న వంతు వచ్చినప్పుడు కాదన్నారే, అదే నా బాధ.

అందరికీ వైద్యం డబ్బున్న దేశాలకే చెల్లుతుందనే మాట నేనూ నమ్మేవాణ్ని. అందరికీ ప్రభుత్వమే వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్‌ని బ్రిటన్ 1948 జులై 5న మొదలుపెట్టేనాటికి యుద్ధంలో చితికిపోయి ఉంది, జనం ఇంకా రేషన్ మీదే బతుకుతున్నారు. కెనడాలో ఒక్క సస్కాచివాన్ రాష్ట్రం అందరికీ ప్రభుత్వ వైద్య బీమా అంటూ 1962లో ముందుకొస్తే డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. అయినా పథకం నిలబడింది, తర్వాత దేశమంతటా ఆ పద్ధతే వచ్చింది. థాయిలాండ్ 2002లో, ఏ బీమా లేనివాళ్లకి ఒక్కోసారికి 30 బాట్లతో వైద్యం అందించే పథకం పెట్టినప్పుడు అది సంపన్న దేశమేమీ కాదు. లోపాలు లేవని అనను. బ్రిటన్లో ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు, ఆ బాధ చిన్నది కాదు. కాకపోతే బిల్లు కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా అని ఆస్పత్రి వరండాలో కూర్చుని లెక్కలేసుకునే పని వాళ్లకి లేదు.

వైద్యాన్ని హక్కు అనడం నా ఆవేశం కొద్దీ వచ్చిన మాట అనుకోకండి. అందుకోగలిగినంత మంచి ఆరోగ్యం ప్రతి మనిషి ప్రాథమిక హక్కు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగంలో 1946లోనే రాసుకున్నారు. 1948 డిసెంబర్ 10 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలో వైద్యం ఉంది, జబ్బు పడినప్పుడు భద్రత కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021 నాటికి దాదాపు 450 కోట్ల మందికి అత్యావశ్యక ఆరోగ్య సేవలు పూర్తిగా అందడం లేదు. ఓటు అడగడానికి వచ్చినవాళ్లని, ఈ హక్కు ఎప్పుడిస్తారని అడగండి. పాలసీ ఉన్నవాళ్లు కూడా అడగాలి. మాకూ పాలసీ ఉండింది.

ఇంకొక్క మాట. ఇది చదివి డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. మొన్న నాన్నని చెకప్‌కి తీసుకెళ్తే కొత్త డాక్టరు "ఇంకేమైనా జబ్బులున్నాయా" అని అడిగారు. అమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. చెప్పొచ్చా అన్నట్టు నా మొహంలోకి చూసింది.

"చెప్పమ్మా, అన్నీ చెప్పు" అన్నాను.