లాగ్‌రొటేట్ ఏళ్లుగా వాడాక: ‘రొటేట్ 180’తోనే నా పేచీ

హనుమకొండ నుంచి నడిచే చిన్న బుకింగ్ సైట్ల ఉబుంటు సర్వర్లలో లాగ్‌రొటేట్‌ను (సర్వర్‌లో జరిగేవి నమోదయ్యే లాగ్ ఫైళ్లను ఎప్పటికప్పుడు పక్కకు మార్చి, పాతవి తీసేసే టూల్) ఏళ్లుగా వాడుతున్నాం. కంప్రెస్, మిస్సింగ్‌ఓకే లాంటి సెట్టింగ్‌లు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా కోపమంతా ‘రొటేట్’ లైను మీదే. దాని పక్కన రాసే అంకె ఫైళ్ల లెక్క, రోజుల లెక్క కాదు. మాన్యువల్‌లో ఆ సంగతి ఉంది. అయినా పైన డెయిలీ, కింద రొటేట్ 180 కనిపిస్తే ఆరు నెలలకు ఢోకా లేదనే ఎవరైనా అనుకుంటారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది కనుక చాలామంది పెట్టేది ఈ అంకెనే.

మామూలు రోజుల్లో రోజుకో ఫైలు, లెక్క కుదురుతుంది. చిక్కంతా మేడారం జాతర వారంలో. లాడ్జీలు, బండ్ల బుకింగ్‌ల తాకిడికి యాక్సెస్ లాగ్ గంటలోనే 200 ఎంబీ దాటుతుంది. డిస్క్ నిండకుండా మ్యాక్స్‌సైజ్ 200ఎం (200 ఎంబీ దాటితే రోజు నిండకున్నా రొటేట్ చేయమని) పెట్టి, లాగ్‌రొటేట్‌ను నడిపే టైమర్‌ను గంటకోసారికి మార్చాలి. సైజు చూసేది లాగ్‌రొటేట్ నడిచినప్పుడే, రోజుకోసారి నడిస్తే మ్యాక్స్‌సైజ్ దండగ. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఇప్పుడు రోజుకు 24 ముక్కలు, వారానికి 168. కొత్తది ఒకటి చేరిన ప్రతిసారీ చివరి పాతది ఒకటి పోతుంది. జాతర అయ్యేసరికి అంతకుముందు లాగ్‌లలో 12 రోజులవే మిగులుతాయి. ఎర్రర్ లేదు, సర్వీస్ స్టేటస్‌లో ఏ తేడా కనిపించదు. ఒక పాత పేమెంట్ గొడవకు ఆధారం వెతికితేగానీ మా దగ్గర ఇది బయటపడలేదు.

ఆల్మా, రాకీ లినక్స్‌లలో కథ ఉల్టా. అక్కడ డేట్‌ఎక్స్‌ట్ (పాత ఫైలు పేరుకు తేదీ తగిలించే సెట్టింగ్) ముందే ఆన్‌లో ఉంటుంది. అదే తేదీ పేరుతో ఫైలు అప్పటికే ఉందని రెండో రొటేషన్‌ను వదిలేస్తుంది, అసలు లాగ్ ఉబ్బుతూ పోతుంది.

ఇప్పుడు మేం వాడేది: రొటేట్ మైనస్ 1, మ్యాక్స్‌ఏజ్ 190 (రోజులు), డేట్‌ఎక్స్‌ట్, డేట్‌ఫార్మాట్‌లో తేదీ వెనక గంట, నిమిషం. మైనస్ 1 పెడితే లెక్కను బట్టి తీసేయడం ఆగుతుంది, వయసును బట్టి మాత్రమే తీసేస్తుంది. బదులుగా డిస్క్‌కు హద్దు చెప్పేవాడుండడు, అందుకే లాగ్‌లకు వేరే పార్టిషన్, 80 శాతం దగ్గర అలర్ట్ తప్పనిసరి.

కాన్ఫిగ్ మామూలు టెక్స్ట్ కావడం, గిట్‌లో పెట్టుకోగలగడం, మైనస్ డి (ఏదీ మార్చకుండా ఉత్తుత్తిగా నడిపి చూపేది) కొట్టి ముందే చూసుకోగలగడం నాకు ఇప్పటికీ ఇష్టం. అయితే మైనస్ డి, రొటేట్ అయ్యాక నడవాల్సిన పోస్ట్‌రొటేట్ స్క్రిప్ట్‌ను నడపదు. వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్‌కు కొత్త లాగ్ ఫైలు తెరవమని యూఎస్ఆర్1 సిగ్నల్ పంపే లైనులో తప్పుంటే అప్పుడు తెలియదు. ఎన్‌జినెక్స్ పాత ఫైలునే పట్టుకుని రాస్తుంటుంది, ఆ ఫైలు జిప్ అయి డిలీట్ అయినా డిస్క్‌లో జాగా ఖాళీ కాదు. డీఎఫ్‌కు (డిస్క్ మొత్తం వాడకం చూపే కమాండ్), డీయూకు (ఫైళ్ల సైజు కూడే కమాండ్) లెక్క కలవకపోతే ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1 (డిలీట్ అయినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లను చూపే కమాండ్) కొట్టి చూడండి.

మాలాగా నాలుగైదు సర్వర్లు, ఫైళ్లలోకే రాసే సాఫ్ట్‌వేర్ అయితే లాగ్‌రొటేట్‌ను మార్చాల్సిన పనిలేదు. లాగ్‌లన్నీ జర్నల్‌డీలోకే (లినక్స్ సొంత లాగ్ సర్వీస్) పోయేవాళ్లకు ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే మ్యాక్స్‌రిటెన్షన్‌సెక్ ఉంది, కానీ అక్కడా సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ అనే డిస్క్ జాగా పరిమితి ముందే తగిలితే రోజులు నిండకుండానే పాతవి పోతాయి.