ఏజెన్సీ సేవకు సోలార్ ఆడియో బైబిల్: డబ్బాకు ఏడు మార్కులు, కార్డుకు మూడు

సికింద్రాబాద్‌లో క్రైస్తవ పుస్తకాల షాపుల్లో అరచేతిలో పట్టే సోలార్ ఆడియో బైబిల్ ప్లేయర్లు రెండు మూడు రకాలు దొరుకుతున్నాయి. ములుగు, కొత్తగూడెం, ఆసిఫాబాద్, చింతూరు వైపు గూడేల్లో సేవ చేసే పాస్టర్లు, సువార్తికులు హైదరాబాద్ వచ్చినప్పుడు డజన్ల లెక్కన కొనుక్కెళ్లే సరుకు ఇది. వెనక చిన్న సోలార్ పలక, ముందు స్పీకరు, పక్కన మెమరీ కార్డు పెట్టే సందు, ఎఫ్ఎం, టార్చి లైటు. పైన ఏ పేరున్నా లోపలి సరంజామా ఇంచుమించు ఒకటే కాబట్టి ఇది ఒక కంపెనీ మీద రాస్తున్నది కాదు, ఈ రకం డబ్బా మీద. డబ్బాకు పదికి ఏడు ఇవ్వొచ్చు. షాపువాళ్లు అందులో పెట్టిచ్చే కార్డుకు మూడు కూడా ఎక్కువే.

ఎందుకంటే ఆ కార్డులో ఉండేది తెలుగు బైబిలు. కొండరెడ్లకు, చెంచులకు ఇంటి మాట తెలుగే కాబట్టి నడుస్తుంది, పాత అనువాదంలో గ్రాంథికం గొంతుకు అడ్డం పడినా సరే. కోయ, గోండి, కొలామి మాట్లాడే ఊళ్లలో కథ వేరు. సంతకు, ఆఫీసులకు తిరిగే మగవాళ్లకు తెలుగు అర్థమవుతుంది. ఇంటిపట్టున ఉండే ముసలమ్మలకు సగమే. పోనీ ‘కోయ కార్డు’ అడిగి తెచ్చుకున్నా పని అయిపోయినట్టు కాదు. దుమ్ముగూడెం, చింతూరు వైపు కోయ ఒక తీరు, ములుగు వైపు ఇంకో తీరు, మల్కన్‌గిరి దాటితే మరో తీరు. ఆదిలాబాద్ గోండికీ బస్తర్ గోండికీ అంతే దూరం.

అందుకని డబ్బు కట్టకముందే రికార్డింగులో ఒక ఐదు నిమిషాల ముక్క, తప్పిపోయిన కుమారుడి కథ లాంటిది, ఫోన్లోకి ఎక్కించుకుని ఊళ్లో ఒక ముసలమ్మకు వినిపించండి. విన్నాక ‘బాగుందా?’ అని మాత్రం అడగొద్దు. పాస్టర్ గారు అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ‘ఇప్పుడు విన్నది మీ మనవరాలికి చెప్పమ్మా’ అనండి. ఆమె ఆ కథ తన మాటల్లో చెప్పగలిగితే ఆ కార్డు పనికొస్తుంది. ఆగి ఆగి పేర్లు మాత్రమే చెబితే ఆ యాస అక్కడిది కాదు. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ వాళ్ల 5ఫిష్ యాప్‌లో చాలా ఆదివాసీ భాషల చిన్న కథలు, పాటలు ఉచితంగా దొరుకుతాయి. పరీక్షకు అవి చాలు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ మొదలుపెట్టిన సంస్థ అది. ఒకప్పుడు పుల్లతో తిప్పితే పాడే అట్ట రికార్డు ప్లేయర్లు కూడా పంచారు. బ్యాటరీ గొడవ లేని రోజులు!

కార్డు మీరే నింపుకోవడం మేలు. కొత్త నిబంధన 260 అధ్యాయాలు, చదివే వేగాన్ని బట్టి 20 నుంచి 25 గంటలు. మాటలకు 64 కేబీపీఎస్ మోనో (ఒకే ఛానెల్, తక్కువ సైజు ఫైలు) సరిపోతుంది, గంటకు 29 ఎంబీ లెక్కన మొత్తం 1 జీబీ కూడా నిండదు. కాబట్టి 8 లేదా 16 జీబీ కార్డు చాలు. 64 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తాయి, ఈ చవక చిప్పులు దాన్ని చదవవు, ఫ్యాట్32 ఉండాలి. ఇంకో తిరకాసు ఫైళ్ల వరస. కొన్ని ప్లేయర్లు పేరును చూడవు, కార్డు మీదికి ఏది ముందు ఎక్కితే అదే ముందు పాడతాయి. పేరు చూసేవి ఒకటో అధ్యాయం తర్వాత పదోదానికి దూకుతాయి. పుస్తకానికొక ఫోల్డరు చేసి, ఫైళ్లకు 001, 002 అని మూడంకెల పేర్లు పెట్టి, ఖాళీ కార్డు మీదికి ఆ వరసలోనే కాపీ చేయండి. నకిలీ కార్డులతో జాగ్రత్త. పైన 32 జీబీ అని ఉండి లోపల 4 ఉంటే ఆ నాలుగు నిండేదాకా ఎక్కించింది బాగానే పాడి, ఆ తర్వాతిది గుర్రుమంటుంది. కొన్నవెంటనే కార్డు నిండా రాసి తిరిగి చదివే ఉచిత సాఫ్ట్‌వేరుతో తేల్చుకోవాలి.

ఛార్జింగు విషయంలో డబ్బా పెట్టె మీద రాసింది నమ్మకండి. ‘ఒక్కరోజు ఎండలో ఫుల్’ అంటారు. 1000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే 3.7 వాట్ అవర్లు. అర వాటు పలక మంచి ఎండలో నిజంగా ఇచ్చేది దాదాపు 0.3 వాటు, ఐదు గంటలకు 1.5. అంటే ఫుల్ కావడానికి రెండున్నర రోజులు, రోజు ఎండకు మధ్యస్థం సౌండులో మూడు గంటల వినికిడి. సాయంత్రం కూడికకు అది సరిపోతుంది. శ్రావణం, భాద్రపదాల్లో మబ్బుకు అందులో ఐదో వంతు వస్తే గొప్ప. ఆ నెలల కోసం యూఎస్‌బీ ఛార్జింగు ఉన్నదే కొనాలి.

ఎండాకాలం ఎండకు కరువు లేదుగానీ వేరే ప్రమాదం ఉంది. పలక, బ్యాటరీ ఒకే డబ్బాలో వీపూ వీపూ ఆనించి ఉంటాయి. కొత్తగూడెం మే ఎండలో రేకు మీద పెడితే లోపల 45 డిగ్రీలు దాటిపోతుంది, ఆ వేడిలో ఛార్జయిన లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత అప్పడంలా పైకి లేచిందంటే కారణం అదే. పొద్దున పదిన్నర దాకా, మళ్లీ మూడు తర్వాత పెట్టమని చెప్పండి. ఉబ్బినదాన్ని వాడొద్దు, పొడవొద్దు. బదులు బ్యాటరీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. పాతదాని కొలత, వోల్టేజి రాసుకుని వెళ్లాలి. లోపల బ్యాటరీకి సోల్డరింగు కాకుండా ప్లగ్గు ఉన్న మోడల్ అయితే ఊళ్లో కుర్రాడే మార్చేస్తాడు.

మిగతా రోగాలు చిన్నవి. ఛార్జింగు రంధ్రం వానాకాలంలో చిలుము పడుతుంది, రబ్బరు మూత ఉన్నది చూసుకోండి. టార్చి రాత్రంతా వెలిగించి పొద్దున ‘పాడట్లేదు’ అంటారు. ఇంట్లో కరెంటు పోయినప్పుడు వెలుగు కావాలి కదా, దాన్ని తప్పు పట్టలేం. ఎఫ్ఎం దండగ అనుకునేవాళ్లున్నారు, కాదు. వార్తలకూ పాటలకూ వాడుకుంటారు కాబట్టే డబ్బాను ఎండలో పెట్టడం ఎవరూ మరవరు.

స్పీకరు 15, 20 మందికి సరిపోతుంది, అంతకు మించి అక్కర్లేదు. దీనికి హారన్ తగిలించి ఊరంతా వినిపించే ప్రయత్నం చేయొద్దు. ముందు పటేల్‌తో, పెద్దలతో మాట్లాడి, పిలిచిన ఇంట్లోనే పెట్టాలి. మేడారం జాతర రోజుల్లో, ఊరి పండగల్లో డబ్బా సంచిలోనే ఉండాలి. తునికాకు సీజన్లో జనం చీకటితో వెళ్లి కట్టలు కట్టేసరికి రాత్రవుతుంది, అప్పుడు పావుగంట ముక్కే వింటారు. ఏ కాలంలోనైనా రెండు అధ్యాయాలు దాటకుండా ఆపి, విన్నవాళ్ల చేత చెప్పించాలి. రికార్డింగు బటన్ ఉన్న మోడల్ అయితే వాళ్లు చెప్పింది కూడా దాచుకోవచ్చు. ఆ గొంతు పక్క గూడెంలో స్టూడియో రికార్డింగు కన్నా బాగా వింటారు.

షాపులో కౌంటరు దగ్గరే రెండు పరీక్షలు చేయండి: అధ్యాయం మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆగిన చోటే మొదలవ్వాలి, పూర్తి సౌండులో స్పీకరు గొంతు చిరగకూడదు. రెంటిలో ఏది తప్పినా ఇంకో పీసు తీయమనండి. బిల్లు మీద మోడల్ నంబరు, వారంటీ నెలలు రాయించుకోండి. డజను కొంటే ఒక బ్యాటరీ అదనంగా అడగండి, చాలామంది ఇస్తారు.