తెప్పా, ఫైబర్ బోటా: రాకాసి అల లేస్తే ఏది నయం?

కళింగపట్నం, భావనపాడు వైపు కొత్తగా వేటకు దిగే కుర్రాళ్లకు వచ్చే సందేహమే ఇది.

ఖర్చు: తెప్పకు తక్కువ. బోటుకు ఇంజను, ఆయిల్, రిపేర్లు.

శ్రమ: తెడ్డు వేస్తే ఒళ్లు హూనమే. బోటు త్వరగా వెళ్లొస్తుంది.

ప్రమాదం: అసలు సంగతి ఇక్కడుంది. వాతావరణ బులెటిన్‌లో చెప్పే అల ఎత్తు, ఆ సమయపు అలల్లో బాగా ఎత్తైన మూడో వంతుకు సగటు మాత్రమే. దానికి రెండింతలు దాటి లేచేదే రాకాసి అల. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో డ్రాప్‌నర్ గ్యాస్ వేదిక దగ్గర 25.6 మీటర్ల అలను పరికరం కొలిచేదాకా నావికుల మాటను చాలామంది నమ్మలేదు. (నమ్మకపోవడం తేలికే, ఒడ్డున కూర్చుంటే.) కాబట్టి బులెటిన్‌లో రెండు మీటర్లుంటే, నాలుగు మీటర్లది రాదని అనుకోవద్దు.

తెప్ప దుంగల సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి, మునగదు. కానీ మనిషిని విసిరేస్తుంది. బోటుకు అల పక్కనుంచి తగిలితే బోల్తా పడొచ్చు, నీళ్లూ నిండొచ్చు. అయితే గాలి ముదరకముందే తిరిగొచ్చే వేగం దానికే ఉంది.

ఒడ్డుకు దగ్గరగా, ఒకరిద్దరితో, చిన్న పెట్టుబడితో అయితే తెప్ప. దూరం పోవాలంటే బోటే, లైఫ్ జాకెట్లు వేసుకుని. వేటకు వెళ్లొద్దని హెచ్చరిక ఉన్న రోజు రెండూ ఇసుక మీదే.