ఢిల్లీకా, అమరావతికా, ఊళ్లో ఉన్న కమిషన్‌కా?

కర్నూలు కోర్టు బయట టీ తాగుతుంటే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "నేరుగా సుప్రీంకోర్టుకే పోతే పోలా సార్?" కొడుకును స్టేషన్‌కు తీసుకెళ్లి రెండు రోజులైనా మేజిస్ట్రేటు ముందు పెట్టలేదని వచ్చిన తండ్రి అదే అన్నాడు. నోటీసు ఇవ్వకుండా ప్రహరీ గోడ కూల్చారని వచ్చిన ఆమె కూడా అదే అన్నారు. ఇద్దరికీ నేను వద్దనే చెప్పాను. కానీ కారణాలు వేరు.

వాళ్ల ఆశలో తప్పేమీ లేదు. 32వ అధికరణను అంబేడ్కర్ రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారు. ప్రాథమిక హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లడమే ఒక ప్రాథమిక హక్కు. ముందు హైకోర్టు గడప తొక్కి రావాలన్న షరతేమీ లేదని 1950లోనే రమేశ్ థాపర్ కేసులో తేల్చారు. బిహార్‌లో రుదుల్ సా అనే మనిషి కేసు కొట్టేసిన తర్వాత కూడా పద్నాలుగేళ్లు జైల్లోనే ఉండిపోయాడు. 1983లో అతనికి పరిహారం ఇప్పించింది 32 కింద వేసిన పిటిషనే.

గోడ కూలిన ఆమె సంగతి చూద్దాం. ఆస్తి హక్కు 1978 నాటి 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి బయటికి పోయింది. ఇప్పుడది 300ఏ కింద ఉన్న రాజ్యాంగ హక్కు మాత్రమే. ఒక్క గోడ కోసం 32 పట్టుకుని వెళ్తే మొదటి ప్రశ్నకే తడబడాలి. హైకోర్టుకు దారి చూపే 226వ అధికరణ అట్లా కాదు. ప్రాథమిక హక్కులకే కాదు, "మరే ఇతర ప్రయోజనానికైనా" హైకోర్టు రిట్, అంటే ప్రభుత్వానికో అధికారికో ఆదేశం, ఇవ్వొచ్చని అందులోనే రాసి ఉంది. ఆగిపోయిన పింఛను, ఎమ్మార్వో ఆఫీసులో కదలని ఫైలు, అన్నీ అందులో ఇమిడిపోతాయి.

ఇక ఆ తండ్రి. అరెస్టు చేసిన ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది 22వ అధికరణ. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే హెబియస్ కార్పస్ రిట్‌కు రెండు కోర్టులూ తలుపు తీస్తాయి. మరి ఎందుకు వద్దన్నాను?

నేను చూసేది ఒక్కటే: ఓడితే తర్వాత మెట్టు ఉందా? హైకోర్టులో మామూలు రిట్ సింగిల్ జడ్జి కొట్టేస్తే డివిజన్ బెంచికి అప్పీలు ఉంటుంది. అక్కడా పోతే, అప్పీలుకు ప్రత్యేక అనుమతి అడిగే 136వ అధికరణ కింద సుప్రీంకోర్టు ఉంది. ఢిల్లీలోనే మొదలుపెట్టి ఓడితే మిగిలేది అదే కోర్టును తీర్పు మళ్లీ చూడమని అడిగే రివ్యూ, ఆ తర్వాత ఆఖరి ప్రయత్నంగా క్యూరేటివ్ పిటిషన్. వాటి మీద ఆశ పెట్టుకున్న క్లయింటును నేనింతవరకు చూడలేదు. పైగా ఈ రోజుల్లో 32 కింద వెళ్తే బెంచి ముందుగా అడిగేది "హైకోర్టుకు ఎందుకు వెళ్లలేదు?" అనే. పిటిషన్ వెనక్కి తీసుకుని తిరిగి రావడానికి రైలు చార్జీలు, వకీలు ఫీజు దండగ.

ఇక్కడో మెలిక ఉంది, జూనియర్లు కూడా మర్చిపోతుంటారు. హైకోర్టు కేసు లోతుల్లోకి వెళ్లి విచారించి కొట్టేస్తే, అదే వాదనతో మళ్లీ 32 కింద కొత్త పిటిషన్ వేయడం కుదరదు. 1961లో దరియావ్ కేసులో ఈ మాట చెప్పారు. అప్పీలే దారి. కాబట్టి హైకోర్టులో వేసే మొదటి అఫిడవిట్‌ను ఆషామాషీగా రాయించకండి.

పెద్ద కోర్టు అయితే పెద్ద న్యాయం అనుకునేవాళ్లకు ఎమర్జెన్సీ గుర్తుచేస్తాను. నిర్బంధంలో ఉన్నవాళ్ల పిటిషన్లు వినొచ్చని పలు హైకోర్టులు అన్నాయి. 1976లో సుప్రీంకోర్టు 4-1తో కాదంది. ఆ ఒక్కరు జస్టిస్ ఖన్నా. ఆ తీర్పు తప్పని చెప్పడానికి 2017 దాకా పట్టింది.

226లో లోపం లేదా అంటే, ఉంది. హైకోర్టు అమరావతిలో ఉంది, మన సీమకు అది దూరం. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి హైకోర్టు మాట వింటూనే ఉన్నాం. 2024లో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. అనంతపురం, కడప నుంచి వెళ్లేవాళ్లది కూడా రాత్రి బస్సు బతుకే. ఖర్చు భయమైతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు. ఫోను 15100.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కర్నూలుకు 2021లో వచ్చింది. ఫీజు లేదు, తెలుగులో కాగితం రాసిస్తే చాలు. అయితే అది చేసేది సిఫారసే, ఆర్డర్ కాదు. ఘటన జరిగిన ఏడాది లోపే వెళ్లాలి. కోర్టులో నడుస్తున్న విషయాన్ని సాధారణంగా ముట్టుకోరు. జిల్లాల్లో మానవ హక్కుల కోర్టులని 1993 చట్టంలో ఉంది కానీ, వాటిని నమ్ముకుని ఎవరికీ సలహా ఇవ్వను.

ఆ తండ్రి చేత హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయించాం. అది బెంచి మీదికి రాకముందే కుర్రాణ్ని మేజిస్ట్రేటు ముందు పెట్టారు. ఒంటి మీద దెబ్బలున్నాయి. వాటి గురించి కమిషన్‌కు అర్జీ టైపు చేయించి, ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకుని రమ్మని పంపాను.